దేవుడి గదిలో తెడ్డు

మా డ్రిల్లు మాస్టారు పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆ మంగళవారం పొద్దున్న ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉంటే, కాఫీ చల్లారిపోతోందని ఆయన భార్య రెండుసార్లు పిలిచారట. పలకలేదు. ఆవిణ్ణి నేను పిన్నిగారంటాను. పిన్నిగారు గోడ దగ్గరికొచ్చి, "ఒకసారి రామ్మా" అన్నారు, అంతే. ఆ గొంతు విని పొయ్యి కట్టేసి పరుగెత్తాను. మాస్టారి ఒళ్లో గాలాల డబ్బా మూత తీసి ఉంది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

మీలో నరసాపురం వైపు వాళ్లు ఆయన్ని చూసే ఉంటారు. పొద్దున్నే వశిష్ఠ గోదావరి మీద నారింజరంగు ప్లాస్టిక్ పడవలో ఒంటరిగా కూర్చుని గాలం వేసే తెల్లజుట్టు మనిషి. రేవు దాటే పంటు మీద నుంచి జనం చేతులూపితే, ఆయన తెడ్డు ఎత్తి చూపించేవారు.

నేను బాలికల హైస్కూల్లో పదో తరగతి దాకా ఆయన దగ్గరే డ్రిల్లు చేశాను. నాది చిన్నప్పటి నుంచీ మెల్లని గొంతు. వరసలో నిలబడి అంకెలు చెప్పమంటే నా అంకె పక్క పిల్లకి కూడా వినపడేది కాదు. "ఏమ్మా, మాకు చెప్తున్నావా, నీలో నువ్వు చెప్పుకుంటున్నావా?" అనేవారు. అందరూ నవ్వేవాళ్లు. ఆయన మాత్రం నవ్వకుండా నన్ను గ్రౌండు అవతలి చివర నిలబెట్టి, తాను ఇవతలి చివర నిలబడి లెక్క పెట్టించేవారు. "కేకలెయ్యక్కర్లేదమ్మా. వినపడితే చాలు" అనేవారు. పదో తరగతి అయిపోయింది గానీ నా గొంతు ఆయన దాకా చేరనేలేదు. ఆ తర్వాత పెళ్లయి నేను వచ్చిన ఇల్లు ఆయన పక్కిల్లే కావడం దైవనిర్ణయం అనుకుంటాను.

రిటైరయ్యాక ఏదో రిసార్టు వాళ్లు పాత కయాకు, అదే ఆ నారింజరంగు పడవ, అమ్మేస్తుంటే మాస్టారు కొన్నారు. ట్రక్కు ఆటో మీద అది మా వీధిలోకి వచ్చిన రోజు పిన్నిగారు తలుపేసుకుని లోపలే కూర్చున్నారు. రేవులో చేపలు పట్టేవాళ్లు చుట్టూ మూగారు.

"ఇదేంటండి మాస్టారూ, పడవా, పశువుల కుడితి తొట్టా?"

"ఎక్కి చూడు, తెలుస్తుంది."

"మీరు ముందెక్కండి. మునిగితే తీయడానికి మేం ఒడ్డునుంటాం."

మాస్టారు ఆ రోజు దాన్ని నీళ్లలో దించలేదు. ముందు వాళ్ల పెద్దమనిషి ఇంటికి వెళ్లారు. మీ వలలున్న చోటికి రాను, పట్టింది అమ్మను, ఇంటికి ఒక్క చేప దొరికితే చాలు అని చెప్పి, ఆయన సరేనన్నాకే మర్నాడు దింపారు.

ఆయన కోరుకునేది పండుగప్ప. మరో చేప పడితే, "ఇదీ చేపేలే" అనేవారు, అంత పక్షపాతం. నీళ్లు సముద్రం వైపు తీసే వేళ మడచెట్ల వేళ్ల పక్కన, పాత రేవు స్తంభాల నీడలో అది మాటు వేసి ఉంటుందట. గాలానికి తగిలించిన రబ్బరు చేపని దాని ముందు నుంచి మెల్లగా లాక్కుపోవాలట. గాలం తగిలాక నీళ్ల మీదికి ఎగిరి తల విదిలిస్తుందని, అప్పుడు దారం లూజు వదిలితే ఉమ్మేసి పోతుందని నాకు కొన్ని వందల సార్లు చెప్పి ఉంటారు. నేను కార్తీకమాసమంతా, శనివారాలూ సోమవారాలూ నీచు ముట్టను. ఆ రోజుల్లో చేప పడితే మా గోడ వైపు చూపించేవారు కూడా కాదు.

పెద్దది పడితే వదిలేసేవారు. దాని మొహం ఎదురు నీటికి పెట్టి, అది తనంతట తాను ఈదుకుంటూ వెళ్లేదాకా చేతుల్లో పట్టుకుని ఉండేవారట. మొదట్లో అది ఏదో మొక్కు అనుకుని, ఏ దేవుడికండీ అని అడిగాను. "మొక్కు కాదమ్మా. పండుగప్ప మగదిగా మొదలై, పెద్దయ్యాక ఆడదవుతుంది. పెద్దవి గుడ్లు పెట్టే తల్లులు" అన్నారు. మా వీధిలో చేపలమ్మే ఆవిడ గంప దించి ఇదంతా వింటోంది.

"నిజమాండీ మాస్టారూ? మరి మా ఆయన ఎప్పుడు పెద్దవుతాడండీ? అప్పుడన్నా గిన్నెలు తోముతాడు."

మాస్టారు అంతలా నవ్వడం నేను అప్పుడే చూశాను.

మూడేళ్ల క్రితం ఆయన గుండెకి స్టెంటు వేశారు. కొన్ని నెలలాగి, అలసిపోకుండా వెళ్లొచ్చని డాక్టరు గారన్నారు. పిన్నిగారికి మాత్రం భయం పోలేదు. ఒకరోజు సాయంత్రం ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. మాస్టారి చేతిలో తెడ్డు ఉంది, రెండు చివర్లా రెక్కలున్నది, నాకన్నా పొడుగు.

"ఇది నీ దగ్గరుంటుందమ్మా. పొద్దున్నే వచ్చి అడుగుతాను. నువ్విస్తే వెళ్తాను. ఇవ్వనంటే మారు మాట్లాడకుండా వెనక్కి పోతాను."

"నేనా అండీ? పిన్నిగారు ఉండగా?"

"నేను వద్దంటే ఎప్పుడు విన్నారు!" అన్నారు పిన్నిగారు. "నువ్వయితే వింటారు. పైగా తెల్లారకముందే దీపం పెడతావు, లేచే ఉంటావు."

ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వసారాలో పెడితే ఆయనే తీసుకుపోగలరు. చివరికి చేపల వాసన వేసే ఆ తెడ్డుని పసుపు నీళ్లతో కడిగి, దేవుడి గది తలుపు వెనక నిలబెట్టాను. తప్పయితే క్షమించమని దణ్ణం పెట్టుకున్నాను.

మొదటి ఏడాది నేను ఒక్కసారి కూడా కాదనలేదు. ఆయన గేటు తీసి, "అమ్మాయ్, తెడ్డు" అనేవారు. నేను తెచ్చి ఇచ్చేదాన్ని. మాఘమాసంలో ఒకరోజు గాలికి కొబ్బరాకులు తిరగబడుతున్నాయని చూసి కూడా ఇచ్చాను. ఎనిమిదింటికి రావలసిన మనిషి పదకొండింటికి వచ్చారు, నిలువునా తడిసిపోయి, చేపలవాళ్లు చెరో రెక్కా పట్టుకుంటే. కయాకుని వాళ్ల పడవకి కట్టి లాక్కొచ్చారు.

"ఇదిగోండి అమ్మగారూ, మాస్టార్ని పట్టుకొచ్చాం. ఇంత పెద్ద చేప మాకెప్పుడూ పళ్లేదు."

పిన్నిగారు నవ్వలేదు. నన్ను ఏమీ అనలేదు కూడా. ఆవిడ ఒక్క మాటన్నా నాకు తేలికగా ఉండేది.

సాయంత్రం మాస్టారే అడిగారు. "గాలి కనపళ్లేదా అమ్మా?"

"కనపడిందండి."

"మరి?"

"మీరు అడిగితే ఎలా కాదంటానండీ?"

"కాదనడం రాదని తెలిసే నీకిచ్చాను. కొబ్బరిచెట్టు మీద మొవ్వు చూడు. ఆకుల కొసలు కదిలితే ఫర్వాలేదు. ఆకంతా తిరగబడితే ఇవ్వకు. నా మాట వినకు, నా మొహం చూడు."

తర్వాత తర్వాత గాలి ఉన్న రోజుల్లో, "ఇవాళ ఎలా ఉందో మరి..." అని నసిగేదాన్ని. ఆయనే అర్థం చేసుకుని వెనక్కి పోయేవారు. ఇవ్వను అన్న మాట మాత్రం నా నోటి వెంట రాలేదు.

ఆయన పోవడానికి ముందు శనివారం అసలు గాలి లేదు. గోదారి నూనె పోసినట్టు ఉందని పాలాయన చెప్పాడు. మాస్టారు గేటు తీసి, దాన్నే పట్టుకుని నిలబడ్డారు. పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"అమ్మాయ్, తెడ్డు."

"ఇవాళ వద్దండి మాస్టారూ."

"గాలి లేదు కదమ్మా. ఇలాంటి నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయి?"

"గాలి లేదండి. మీ మొహం బాలేదు. నేనివ్వను."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన కాసేపు నన్నే చూశారు. తర్వాత నవ్వి, "వినపడిందమ్మా" అని గేటు వేసి వెళ్లిపోయారు. ఆ రోజే పిన్నిగారు ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. కొత్త మందులు రాసి, విశ్రాంతి తీసుకోమన్నారు. ఆదివారం, సోమవారం ఆయన తెడ్డు అడగలేదు. మంగళవారం సంగతి మొదటే చెప్పాను.

పదో రోజు కార్యక్రమం అయ్యాక తెడ్డు తీసుకుని వెళ్లాను. "ఆ శనివారం ఇచ్చి ఉండాల్సిందేమో పిన్నిగారూ" అన్నాను. ఆవిడ తెడ్డుని నా వైపే నెట్టారు.

"ఇస్తే ఆ నీళ్లలోనే పోయేవారేమో. నువ్వివ్వలేదు కాబట్టి మూడు రోజులు నా ఎదురుగా కూర్చున్నారు. ఆదివారం నాతో అష్టాచెమ్మా ఆడి ఓడిపోయారు కూడా. దాన్ని తీసుకెళ్లి ఉన్న చోటే పెట్టమ్మా."

ఆవిడ మాట నాకు ఊరట. అయినా ఆయన అడిగిన ఆఖరి గోదారి అది, ఆయనకు దక్కలేదు. ఈ రెండూ నా దగ్గరే ఉంటాయి.

పొద్దున్నే దీపం పెట్టాక నా చూపు ఇప్పటికీ కొబ్బరిచెట్టు మీదికే పోతుంది. నిన్న ఆకులు తిరగబడ్డాయి, ఇచ్చేదాన్ని కాదు. ఇవాళ కొసలు కూడా కదల్లేదు. తెలియకుండానే తలుపు వెనక్కి చెయ్యి పోయింది. తెడ్డు తీసుకుని గుమ్మం దాకా వచ్చి, గేటు వైపు చూస్తూ నిలబడ్డాను. తెల్లారింది. ఒక రెక్క మీద ఎప్పటిదో పండుగప్ప పొలుసు ఎండి అతుక్కుని ఉంది. దాన్ని తుడవకుండానే తీసుకెళ్లి దేవుడి గదిలో పెట్టాను.