రాజు తమ్ముణ్ణి నేనే చంపాను

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేసేదాన్ని. సాయంత్రాలు అక్కడి ఆడపిల్లలే నాకు పలక పట్టించారు. ఆలస్యంగా చదువు వచ్చినవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. ఎవరు ఏం అడిగినా పరీక్ష పెడుతున్నారనే అనిపిస్తుంది. నాకది బాగా ముదిరింది.

మొన్నటి చలికాలం, తార్నాకలో మా కింది ఫ్లాటు అక్క తన లావుపాటి నవలలు ఒక్కొక్క భాగమే నాకు ఇవ్వడం మొదలుపెట్టింది. అనంతపురం వైపు మనిషి. భర్త యూనివర్సిటీ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. ఆ నవలల్లో ఉప్పుకొండల రాజ్యం కోసం అన్నదమ్ములు కొట్టుకుంటారు. శవాల సైన్యాలు, తలలు నరకడాలు, నవ్వుతూ విషం పోసే మంత్రులు. మంచివాడు కనబడితే చాలు, వీడు ఎప్పుడు పోతాడా అని చూసేదాన్ని. రాణి ఒక్కతే నాకు నచ్చింది. తన చేత్తో తోడుకున్న నీళ్లు తప్ప తాగదు.

పొద్దున క్యాంపస్‌లో నడక అయ్యాక ఇద్దరం బెంచీ మీద కూర్చునేవాళ్లం. మొదటి భాగం కథ అక్కే గుక్క తిప్పుకోకుండా చెప్పింది. రెండో భాగం నుంచి మాత్రం నన్ను అడగడమే.

"యాడికొచ్చినాది కథ?"

"నువ్వు సదివినవ్ కదక్కా, నీకు తెల్వదా?"

"తెలుసులేమ్మే. నీ నోటితో చెప్పు, విందాం."

నా నోటితో ఎందుకు? నేను నిజంగా చదువుతున్నానా, ఊరికే కాగితాలు తిప్పుతున్నానా అని కనిపెట్టడానికే. గరిటె తిప్పిన చేతికి పుస్తకమేమిటని లోపల నవ్వుకుంటోందని ఖాయం చేసుకున్నాను. పొద్దుటిపూట నాకున్న తోడు ఆమె ఒక్కతే. అయినా సరే, నవ్వేదాని పక్కన కూర్చోను. ముందు సంగతి తేలాలి.

పుస్తకంలో ద్రోహి ఎవరో పట్టుకోవడానికి రాణి ఒక అబద్ధం వదులుతుంది. నేనూ వదిలాను.

"రాజు తమ్ముడు సచ్చిండక్కా. కోట గోడ మీదికెల్లి నూకేసిన్రు."

నిజానికి వాడు దుక్కలా ఉన్నాడు. సగం రాజ్యం గెలిచాడు.

"అయ్యో, వాడా!" అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను చదివినప్పుడూ ఇట్లే ఏడ్సినా."

"ఏడ సదివినవక్కా? వాడు సావనే లేదు. నన్నెందుకు పరీక్ష పెడ్తున్నవ్? మెస్సుదాన్నని మజాకా?"

"పరీక్షా? నేనా?" అక్క బిత్తరపోయింది. కొంగుతో కళ్లద్దాలు తుడిచింది, మళ్లీ తుడిచింది. "అచ్చరాలు అలుక్కుపోతాండాయి మ్మే. శుక్లాలంట. మా ఇంటాయప్పకు తెలిస్తే రేపే ఆపరేషనుకు ఈడ్సుకపోతాడు. కంట్లో కత్తంటే నాకు వణుకు. కథ ఇడిసిపెట్టలేక నిన్నడిగితి."

నాకు కోపం పోలేదు. కాకపోతే దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"రేపటి సంది నేనే సదువుత. సప్పుడు జెయ్యక ఇను," అన్నాను.

మర్నాటి నుంచి బెంచీ మీద వేలు పెట్టి, మాట మాట కూడబలుక్కుంటూ పైకి చదివాను. ఎవడైనా చస్తే చాలు, అక్క నా మణికట్టు పట్టుకునేది.

"ఆగు. అట్లే రాసుండాదా, నువ్వు చంపితివా?"

"రాసిందే సదువుతున్న."

"ఆ పొద్దు గూడా ఇంత నమ్మకంగానే చెప్తివి."

చివరి భాగంలో చావు వంతు రాణికి వచ్చింది. ఉన్నదున్నట్టు చదివాను. అక్క పుస్తకం లాక్కుంది. ముక్కుకు ఆనించుకుంది, దూరంగా పెట్టింది, నా వైపు చూసింది.

"నిన్ను నమ్మేదానికన్నా కంట్లో ఆ కత్తే మేలు," అని లేచి, భర్తకు చెప్పడానికి ఇంటికి నడిచింది.