నర్సమ్మ పాసైన రోజు

పుప్పాలగూడ మీదుగా ఎప్పుడు వెళ్ళినా పుణ్యవతి కారు అద్దం దించి బండరాళ్ళ కోసం వెతుకుతుంది. ఒక్కటీ మిగల్లేదు. ఆ బండల సందుల్లో సీతాఫలం చెట్లు, కింద జొన్న చేలు, చేల పక్కన రెండు గదుల ఆరోగ్య కేంద్రం ఉండేవంటే మనవరాలు కూడా నమ్మదు. పోతే పోయాయి గాని, నీలమ్మ చెయ్యి మాత్రం ఆవిడకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంటుంది.

డెబ్భైల మొదట్లో పుణ్యవతి ఆ కేంద్రానికి నర్సుగా వచ్చింది. తణుకు పిల్ల. నర్సింగులో డిగ్రీ చేసింది, రిజిస్టరైన నర్సు. ఊళ్ళో ఆమె మాట సగమే అర్థమయ్యేది, ఆమెకు వాళ్ళ మాట అంతకన్నా తక్కువ అర్థమయ్యేది. డప్పు కొట్టే ఐలయ్యను "ఐలయ్యగారూ" అని పిలిస్తే, ఆయన వెనక ఇంకెవరున్నారా అని తిరిగి చూశాడు.

సూది వెయ్యడం, కట్టు కట్టడం ఆమెకు కొట్టిన పిండి. అంతుబట్టనిది మనుషుల తీరు. కేంద్రంలో ఇచ్చిన పాలపొడిని తల్లులు బిడ్డలకు పట్టకుండా అటక మీద దాచేవాళ్ళు. ఎందుకు దాస్తారో ఆమె నర్సింగు పుస్తకాల్లో ఎక్కడా లేదు. అందుకే పైచదువు మీద మనసు పడింది. నర్సింగులోనే ఎమ్మెస్సీ చెయ్యాలంటే ఉద్యోగం వదిలి దూర రాష్ట్రం పోవాలి. ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్లకు అది కుదిరే పని కాదు. పని చేసుకుంటూ చదవడానికి దొరికింది ఒక్కటే, నగరంలో సాయంత్రపు కళాశాల, సమాజశాస్త్రంలో ఎం.ఏ.

పై డాక్టరు చలపతిరావు ఒప్పుకున్నారు. వారానికి మూడు సాయంత్రాలు పెందలాడే వెళ్ళవచ్చు. "కేంద్రం పని కుంటుపడిందో, మరి నన్ను అడగొద్దమ్మా," అన్నారు. ఆ మూడు రోజులూ ఆమె నార్సింగి దాకా నడిచి బస్సెక్కేది. రాత్రికి మెహదీపట్నంలో పిన్ని ఇంట్లో ఉండి, తెల్లవారగానే మొదటి బస్సుకి తిరిగొచ్చేది.

ఒకనాడు గడ్డిమోపుతో వెళ్తున్న నీలమ్మ దారిలో ఆపింది. నీలమ్మకు అరవై దగ్గర పడ్డాయి, ఊళ్ళో ఆమె నోటికి అడ్డు లేదు.

"ఏంది బిడ్డా, గిట్ల పుస్తకాలు పట్టుకొని తిరుగుతున్నవ్?"

"పరీక్షలున్నాయి పెద్దమ్మా."

"అయ్యో! ఏ కిలాసుల తప్పినవే?"

పుణ్యవతి నవ్వేసింది. "తప్పలేదు పెద్దమ్మా. ఇది పెద్ద చదువు."

"మరి గిన్నొద్దులు చిన్న సదువుతోని సూదులేసినవా?" అంది నీలమ్మ, జాలిగా.

బస్సు తప్పిపోతుందని పుణ్యవతి పరుగెత్తింది. అక్కడే చేసింది పొరపాటు. ఆ ఊరికి తెలిసిన పరీక్ష ఏడో తరగతి పరీక్ష ఒక్కటే. పాసైనవాడు మళ్ళీ పుస్తకం ముట్టడు. ముట్టాడంటే తప్పాడన్నమాటే. చీకటి పడేలోగా మాట ఊరంతా పాకింది.

రెండో ఏడు పరీక్షలు దగ్గర పడ్డాయి. ఉన్నట్టుండి కేంద్రానికి జనం రావడం మానేశారు. జ్వరాలు లేవు, గాయాలు లేవు, పసిపిల్లల ఏడుపులు లేవు. వరండాలో కోళ్ళు తిరుగుతున్నాయి. పుణ్యవతి కోళ్ళను విసురుగా అదిలించింది. ఇన్నాళ్ళు అర్ధరాత్రి అపరాత్రి అనకుండా చాకిరీ చేస్తే, చదువు రాని నర్సని పక్కన పెట్టారా?

అదే వారంలో చలపతిరావు వచ్చి ఖాళీ వరండా చూశారు. ఆయన కసరలేదు, కసిరినా బాగుండేది. "నెలాఖరుకల్లా జనం రాకపోతే నీ సాయంత్రాలు రద్దు చెయ్యక తప్పదు పుణ్యవతీ. పైవాళ్ళకు నేను జవాబు చెప్పుకోవాలి," అన్నారు. రెండేళ్ళ చదువు పరీక్షల గుమ్మంలో ఆగిపోయేలా ఉంది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత రెండు రోజులకు నీలమ్మను కొడుకు ఎత్తుకొచ్చినంత పని చేసి తెచ్చాడు. కొడవలి కోసుకుని కుడి అరచెయ్యి చీముపట్టి మోచేతి దాకా వాచింది. పైన పసుపు గుడ్డ. ఒళ్ళు కాలిపోతోంది.

"ఇన్నాళ్ళు ఏం చేశావు పెద్దమ్మా? నా మీద నమ్మకం లేకపోతే ఇంకో దవాఖానకైనా పోలేకపోయావా!" పుణ్యవతి అరిచినంత పని చేసింది.

"నమ్మకం లేక కాదు నర్సమ్మా," అన్నాడు కొడుకు, తల వంచుకుని. "మీరు పట్నం పోయిన పొద్దు ఐలయ్య డప్పు కొట్టిండు. నర్సమ్మ పరీచ్చ పాసయ్యేదాక ఎవ్వలు పోయి సతాయించొద్దని. అమ్మనే కొట్టిపిచ్చింది."

"మల్ల తప్పితే నీకు నామోషి గదా బిడ్డా," అంది నీలమ్మ, పళ్ళు బిగించుకుని.

చీము తీసి కడుగుతుంటే పుణ్యవతి కన్నీళ్ళు ఆ చేతి మీదే పడ్డాయి. కట్టు కట్టి, సూది వేసి, నేరుగా ఐలయ్య ఇంటికి పోయింది. "ఐలయ్యగారూ, మళ్ళీ కొట్టండి. మీరు రాకపోతేనే నర్సమ్మ పరీక్ష పోతుందని చెప్పండి."

ఆయన కొట్టాడు. మర్నాటికి వరండాలో కోళ్ళకు చోటు లేదు. చలపతిరావు వచ్చి చూసి, ఆమె సాయంత్రాలు ఆమెకే ఉంచి వెళ్ళిపోయారు. నీలమ్మ చెయ్యి నయమైంది గాని, చూపుడు వేలు మళ్ళీ పూర్తిగా వంగలేదు.

ఫలితాలు వచ్చిన రోజు పుణ్యవతి నార్సింగిలో బస్సు దిగేసరికి ఐలయ్య డప్పుతో నిలబడి ఉన్నాడు. ఆమె తలూపిందో లేదో, ఊరు ఊరంతా "మా నర్సమ్మ పాసయింది" అని కేకలు. ఏం పాసయిందో ఎవరికీ పట్టలేదు. ఆమె కూడా సరిదిద్దలేదు.

కేంద్రం తలుపు తియ్యగానే నీలమ్మ లోపలికొచ్చి పీట మీద కూచుని, చీర కొంగు తీసి జబ్బ చూపించింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏం కాలే. పాసయినంక మొదటి సూది నాకే ఎయ్యాలె."

పుణ్యవతి పకపకా నవ్వింది. నవ్వు ఆగాక, మనసులో నానుతున్న మాట అడిగేసింది. "పెద్దమ్మా, నేను పాసే కాలేదనుకున్నారు కదా. అయినా ఇన్నేళ్ళూ నాచేత సూదులు ఎట్లా వేయించుకున్నారు?"

ఇది కూడా అడగాలా అన్నట్టు చూసింది నీలమ్మ.

"నువ్వు పాసయితవని మాకెర్కే గదనే," అంది, వంగని వేలితో ఆమె గడ్డం పట్టుకుని.