పొడుం డబ్బీ, థియేటరు తాళాలు

నా మాటల మీద ఎవరికీ పెద్దగా నమ్మకం లేదని నాకు తెలుసు. అందుకే ముందే ప్రమాణం చేస్తున్నాను. ఇన్నేళ్ళుగా నాకు అన్నం పెడుతున్న మైక్రోస్కోపు మీద చెయ్యివేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం.

పందొమ్మిది వందల అరవైల చివర తెనాలిలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబు టెక్నీషియన్‌గా చేరాను. మాది బాపట్లలో పూజారుల కుటుంబం. ఇంట్లో ఉల్లిపాయ కూడా ఉడకదు. అలాంటి నేను పొద్దున్నే వచ్చి చేసే మొదటి పని మాంసం చారు కాయడం. సూక్ష్మజీవులకు పెట్టే భోజనం అది. కొవ్వు తీసిన మేకమాంసం సన్నగా తరిగి, ఉడికించి, వడకట్టి, అందులో సముద్రపు నాచు నుంచి తీసిన అగరు కలిపి గాజు పళ్ళేల్లో పోస్తే జున్నులా గడ్డకడుతుంది. దాని మీద ఏ చీమునో కాస్త రాసి, బల్బు వెలిగే చెక్కపెట్టెలో వెచ్చగా ఉంచితే, మర్నాటికి సూక్ష్మజీవులు కంటికి కనిపించేంత గుంపులుగా మొలుస్తాయి. మా అమ్మకు మాత్రం "మందులు కాస్తున్నానమ్మా" అని చెప్పాను. ఆ చారు వాసనకి ఆసుపత్రి వీధి పిల్లులన్నీ ల్యాబు కిటికీ కింద బంతి తీరి కూర్చునేవి. ఆదివారాలైతే వేమూరు పిల్లులు కూడా వచ్చేవి.

ఆపరేషన్ థియేటరు సిస్టరమ్మది. రేపల్లె మనిషి, పదిహేనేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. నేను అక్కా అని పిలిచేవాణ్ణి. గుడ్డలూ కత్తెరలూ డ్రముల్లో పెట్టి ఆవిరి యంత్రంలో ఎంతసేపు ఉంచాలో చెప్పడానికి ఆవిడకి గడియారం అక్కర్లేదు. థియేటరు తాళాల గుత్తి ఎప్పుడూ ఆవిడ నడుముకే ఉండేది. నేను గడప దగ్గర కనిపిస్తే చాలు, "ఏంటి తమ్ముడూ, చేతులు కడుక్కుని వచ్చావా, నీళ్ళకి చూపించి వచ్చావా?" అనేది. కానీ మధ్యాహ్నం నా కోసం విడిగా ఉల్లిపాయ లేని పప్పు వండి తెచ్చేది కూడా ఆవిడే.

డాక్టరు గారు ఆరడుగుల మనిషి. చెయ్యి మంచిది, మనసు ఇంకా మంచిది. ఆయనకున్న వ్యసనమల్లా ముక్కుపొడుం. జేబులో వెండి డబ్బీ. పొడుంతో బిగిసిన ముక్కుకు ఊపిరాడదని, ఆపరేషన్‌కు మాస్కు ఎప్పుడూ ముక్కు కిందికే కట్టుకునేవారు. అది అందరం చూసేవాళ్ళం. పెద్దాయన కదా అని ఎవరమూ నోరెత్తేవాళ్ళం కాదు.

ఆ వానాకాలం వరసగా ముగ్గురికి కుట్లు చీము పట్టాయి. వేమూరు రైసుమిల్లులో బస్తాలు మోసే మనిషికి, భట్టిప్రోలు నుంచి వచ్చిన ఒకావిడకి, రేపల్లె అవతల సముద్రం మీద వేటకెళ్ళే ఒక పెద్దాయనకి. చివరికి ముగ్గురూ కోలుకున్నారు గానీ, ఆ పెద్దాయన మాత్రం మమ్మల్ని ఊరికే వదల్లేదు.

"మాకు చేపముల్లు దిగబడితే ఉప్పునీళ్ళతో కడిగి మళ్ళీ వల లాగుతామండీ. ఇన్ని మందునీళ్ళున్న చోట ఇట్టా చీము పట్టిందేంటండీ?" అన్నాడు.

ఆ మాట డాక్టరు గారికి తగిలింది. వరండాలో అందరి ముందూ సిస్టరమ్మని పిలిచి, "డ్రములు సరిగా ఉడుకుతున్నాయా అమ్మా, లేక టైము కాకముందే దింపేస్తున్నారా?" అని అడిగారు.

ఆవిడ నడుముకున్న తాళాలు తీసి ఆయన ముందున్న బల్ల మీద పెట్టింది.

"నా చేతుల్లో గానీ, నా డ్రముల్లో గానీ తప్పుందని తేలితే శనివారం రేపల్లె బండెక్కుతానండి. తేలేదాకా ఇవి మీ దగ్గరే ఉంచండి."

తేల్చాల్సింది నేను. అది మంగళవారం.

ముగ్గురి చీమూ పళ్ళేల మీద రాశాను. మర్నాటికి మూడింటిలోనూ ఒకే రకం మొలిచాయి, బంగారు రంగువి. ఇక వాటి పుట్టిల్లు వెతకాలి. డ్రముల్లోని గుడ్డలు, సిస్టరమ్మ చేతులు, ఆవిడ ముక్కు, థియేటరు ఊడ్చే ఆయా ముక్కు, నా ముక్కు, అన్నింటినీ దూదిపుల్లతో తుడిచి పళ్ళేలకెక్కించాను. గురువారానికి డ్రముల పళ్ళేలు అద్దాల్లా ఉన్నాయి. అక్క చేతుల పళ్ళెమూ అంతే. ఆవిడ ముక్కులో తెల్లవి నాలుగు మొలిచాయి, నా ముక్కులో నలభై. అవి సాధువులు, ఎవరి జోలికీ పోవు. ఎవరి పళ్ళెంలోనూ బంగారు రంగువి ఒక్కటీ లేవు.

ఇంకా చూడని ముక్కు ఒక్కటే మిగిలింది.

నేను నేరుగా డాక్టరు గారి గదిలోకి వెళ్ళి, రొమ్ము విరుచుకుని నిలబడి, "తల కాస్త పైకెత్తండి" అన్నాను.

"ఎందుకోయ్?"

"మీ ముక్కు చూడాలి."

తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయింది. నేను ఆగలేదు. దూదిపుల్ల పెట్టాను. ఆయన తుమ్మిన తుమ్ముకి గోడ మీది క్యాలెండరు రెండు నెలలు ముందుకు తిరిగింది. మర్నాడు పళ్ళెం తెరిస్తే కాసులపేరు తెంపి పోసినట్టు బంగారమే. రక్తం మీది తేటను చీము పట్టించే రకమే గడ్డకట్టిస్తుంది; కలిపి చూస్తే, చీములోవి కలిపిన తేటా ఆయన ముక్కులోవి కలిపిన తేటా తోడుపెట్టిన పాలలా ఒకేలా గడ్డకట్టాయి.

డాక్టరు గారు ఆ సాయంత్రమే వెండి డబ్బీని తీసుకెళ్ళి కాలవలో విసిరేశారు. అక్కడి నుంచి రేపల్లె దాకా కాలవలో చేపలు ఎనిమిది రోజులు తుమ్మాయి.

ఇప్పుడు ప్రమాణం సంగతి. మైక్రోస్కోపు మీద చెయ్యివేశాను కాబట్టి ఒప్పుకోక తప్పదు. ఇందులో ఒకటి నా కల్పన. చేపల మాట కాదు, అది వెనక్కి తీసుకోను. పిల్లుల మాటా కాదు. నేను కల్పించింది నా ధైర్యం.

ఆ గురువారం నేను డాక్టరు గారి గదిలోకి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ "దూది అయిపోయిందండీ" అని చెప్పి బయటికొచ్చాను. మూడోసారి ఆయన తలెత్తి, "ఈ ఆసుపత్రిలో ఇంత దూది ఎవరు తింటున్నారోయ్?" అన్నారు. ఏమనుకున్నారో ఏమో, సాయంత్రం ఆయనే ల్యాబుకొచ్చి, నా స్టూలు మీద కూర్చుని, తల పైకెత్తారు.

"అందరివీ తీశావు. నాది తియ్యవేంటోయ్?"

తీశాను. ఆయన తుమ్మలేదు కూడా, పాపం, బిగబట్టుకున్నారు.

శనివారం పొద్దున ఆ బంగారు పళ్ళెం ఒక చేత్తో, తాళాలు ఒక చేత్తో పట్టుకుని ఆయన ఆసుపత్రి వెనకున్న సిస్టరమ్మ గదికి నడిచారు. వెనకాల నేను. శనివారమైనా తాళాలు తిరిగి రాలేదని ఆవిడ రేకు పెట్టెకి తాడు బిగిస్తోంది.

"తప్పు నాదమ్మా. ఇదిగో, నా ముక్కులో ఉంది."

"తెలుసండి," అంది ఆవిడ, తాడు వదలకుండానే. "ఆ మాస్కు ఎక్కడుంటోందో రోజూ చూస్తూనే ఉన్నాను కదండీ."

"మరి చెప్పవేంటమ్మా?"

"మీరు నా డ్రముల గురించి అడిగారు. చీము ఎక్కణ్ణుంచని నన్ను అడగలేదు కదండీ."

డాక్టరు గారు వంగి, తాడు ముడి తనే విప్పారు. ఆవిడ తాళాలు అందుకుని నడుముకి దోపుకుంది.

"ఇకనుంచి మాస్కు నేను కడతానండి, ముక్కు మీదికి," అని, నా వైపు తిరిగింది. "నువ్వేంటి తమ్ముడూ నవ్వుతున్నావు? ఆ పళ్ళెం దగ్గర్నుంచి వచ్చావు కదా, చేతులు కడుక్కున్నావా?"

కడుక్కోలేదు. అదీ నిజమే.