వెంట్రుకంత ఇరుసు

నిరుడు తిరుపతిలోని నా గడియారాల కొట్టుకు మిత్రుడు మునిరత్నం వాళ్ల నాయన చేతిగడియారం తెచ్చాడు. లోపల ఇరుసు విరిగింది. అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఉక్కు ముక్కను తిప్పుతూ సన్నగా చెక్కే లేతు మీద నేనే చేయాలి. ఆ రోజు పొద్దుటి నుంచి చేసినవన్నీ కొన వెంట్రుకంత సన్నబడగానే విరిగిపోయాయి. అరవై దాటిన కళ్లు మండాయి. ఇదీ విరిగితే లేతు అమ్మేద్దామనుకుంటూ ఇంకొకటి చేసి బిగించాను. లోపలి చక్రం అటూ ఇటూ ఊగింది, గడియారం నడిచింది. నా నోటి నుంచి "గోవిందా" అని వచ్చేసింది.

మునిరత్నం నవ్వాడు. "ఏమప్పా, ఇన్నేండ్లూ సామి లేడని నాతో కొట్లాడితివే. ఇప్పుడెవుర్ని పిలిస్తివి?"

"ఊరి అలవాటప్పా. ఈడ బస్సు కదిలినా అదే మాట కదా."

"నేను మాత్రం కొండకు పోయి టెంకాయ కొడతా. సామి సేసిన పని ఇది."

వాదించే ఓపిక లేక తలూపాను. దేవుడి సంగతి మరోనాడు తేల్చుకోవచ్చు. నా చెయ్యి ఇంకా పనికొస్తుందని మాత్రం ఆ రోజే తేలింది. రేపటి పనికి లేతు తుడిచి గుడ్డ కప్పాను.