నీడన ఆరిన ద్రాక్ష

ఈ ఏడు ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున పెసరట్లు పోస్తూంటే ఫోను మోగింది. పక్కింటి పెద్దాయన మనవరాలు. "ఆంటీ, జూన్‌లో నా పెళ్ళి. మీరూ అంకులూ తప్పకుండా రావాలి. నోన్నో మీకు ఇంకో మాట చెప్పమన్నాడు, బాటిల్ మర్చిపోవద్దట" అంది. నోన్నో అంటే వాళ్ళ ఇటాలియన్ భాషలో తాతయ్య. నేను అలాగే నిలబడిపోయాను, అట్టు మాడింది. ఆ బాటిల్ ఏదో నాకు బాగా తెలుసు. ఈ పిస్కాటవే ఊళ్ళో మా ఇంటి బేస్‌మెంట్‌లో, బియ్యం బస్తాల వెనక, పాత నేత చీర ముక్క చుట్టుకుని పాతికేళ్ళుగా పడుంది. దగ్గు మందు తప్ప ఇంకో మందు ఎరగని ఇల్లు మాది. అలాంటి ఇంట్లో వైన్ సీసా ఎందుకుందో చెప్పాలంటే, ముందు నేను వెలగబెట్టిన ఘనకార్యం చెప్పుకోవాలి.

మేం ఈ ఇల్లు కొనుక్కున్న కొత్తలో ఆయన మా పక్కింట్లో ఒక్కడే ఉండేవాడు. భార్య పోయింది, కూతురు వేరే రాష్ట్రంలో. ఇటలీలో వెరోనా దగ్గర కొండల్లో పుట్టి, ఇక్కడికొచ్చి తాపీ మేస్త్రిగా జీవితమంతా గోడలు కట్టి రిటైరయ్యాడు. చేసింది తాపీ పని, మనిషీ తాపీయే. కంచె మీద మోచేతులు ఆనించి మాట మొదలుపెడితే పొయ్యి మీద నా పప్పు అడుగంటాల్సిందే. నేను మందుల కంపెనీ లాబ్‌లో క్వాలిటీ చూసేదాన్ని కనక నన్ను "మిసెస్ కెమిస్ట్" అనేవాడు. ఏటా సెప్టెంబర్ చివర్లో కాలిఫోర్నియా నించి ఆయనకి క్రేట్ల కొద్దీ నల్లద్రాక్ష దిగేది. మామూలుగా వైన్ చేసేవాళ్ళు తెచ్చిన రోజే నలిపేస్తారు. ఈయన అలా కాదు. చెక్క బద్దల ట్రేల మీద గుత్తికి గుత్తి తగలకుండా పరిచి, అటక మీద పెట్టి, రెండు వైపులా కిటికీలు తెరిచి మూడు నెలలు వదిలేసేవాడు. జనవరికి ఆ పళ్ళు ముడతలు పడి, నీరంతా పోయి, తీపంతా లోపల చిక్కబడేది. అప్పుడు నలిపి, ఆ చలిలోనే నెమ్మదిగా పులియబెట్టి, ఆ తర్వాత చెక్క పీపాలో ఏళ్ళ తరబడి ఉంచేవాడు. "మూడు నెలలా! మా గుంటూరు ఎండలో మూడు రోజుల పని" అని నేను గొప్పలు పోయేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆ సంవత్సరం ద్రాక్ష దిగిన వారానికే కూతురికి ఆడపిల్ల పుట్టింది. పెద్దాయన కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. ఆ ఏటి వైన్‌ని మనవరాలి పెళ్ళి దాకా దాస్తానని వీధి వీధంతా చాటాడు. ఆ హుషారులోనే నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. హాస్పిటల్‌కి చూడ్డానికి వెళ్తే నొప్పి సంగతి పక్కనపెట్టి నా చేతిలో ఇంటి తాళం పెట్టాడు. "పొద్దున్నే కిటికీలు తెరువు. మంచు పడితే మూసెయ్యి. బూజు పట్టినవి ఏరి పారెయ్యి. అంతే, వాటంతటవే డ్రై అవుతాయి, ఇంకేమీ చెయ్యొద్దు. ఇది నా పాపది" అన్నాడు. పసిపిల్లని చేతికిచ్చినట్టే ఇచ్చాడు. నాకంటే నమ్మకస్తులు దొరకరని నేనూ పొంగిపోయాను.

ఓ పది రోజులు బుద్ధిగానే ఉన్నాను. తర్వాత ముసురు పట్టింది. ఐదు రోజులు ఆగని వాన. ఆరో రోజు అటకెక్కి చూద్దును కదా, ఓ మూల ట్రేల్లో బూడిదరంగు బూజు! మర్నాడు చూస్తే వేసవి వెనక్కొచ్చినట్టు ఫెళ్ళున ఎండ. ఇంకేం, నాలోని గుంటూరు లేచి కూర్చుంది. ఆఫీసుకి సెలవు పెట్టి, ఆ మూలవి పన్నెండు ట్రేలు ఒక్కదాన్నే దింపి, బూజువి ఏరేసి, మా డెక్ మీద చీరలు పరిచి, ఒడియాలు పెట్టినంత శ్రద్ధగా ఆ ద్రాక్షంతా పరిచాను. మూడు రోజులు. కందిరీగల్ని విసనకర్రతో తోలుతూ, ఉడతల్ని తిడుతూ కాపలా కాశాను. మూడో రోజు సాయంత్రానికి డెక్కంతా బెల్లప్పాకం వాసన. నా తెలివికి నేనే మురిసిపోతూంటే మా ఆయన ఆఫీసు నించి వచ్చి, ఓ పండు నోట్లో వేసుకుని, "ఇంతకీ ఆయన ఎండబెట్టమన్నాడా, ఆరబెట్టమన్నాడా?" అన్నారు.

పెద్దాయన 'డ్రై' అని కదా అన్నాడు! ఆ ఇంగ్లీషు ముక్కకి మన భాషలో రెండు మాటలున్నాయనీ, రెండూ వేరు వేరు పనులనీ నాకు అప్పుడు తట్టింది. మిరపకాయలు ఎండబెడతాం. తల ఆరబెట్టుకుంటాం. కరివేపాకు ఎండలో పెడితే రంగూ వాసనా పోతాయని మా అమ్మ నీడనే ఆరబెట్టేది, నేనూ ఈ దేశంలో వంటింటి కిటికీ పక్కన అలాగే ఆరబెడుతున్నాను. కరివేపాకుకి ఇచ్చిన మర్యాద ఆ పాప ద్రాక్షకి ఇవ్వలేకపోయాను. "క్వాలిటీలో పనిచేస్తూ ఇన్‌స్ట్రక్షన్స్ ఫాలో అవ్వకపోతే ఎలాగోయ్?" అన్నారు మా ఆయన. "మీరు నోరు మూసుకోండి" అని ఏడ్చాను.

దాచి లాభం లేదు. మర్నాడు డబ్బాలో గుప్పెడు పళ్ళు తీసుకుని పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒకటి నమిలి కళ్ళు మూసుకున్నాడు. "నో సన్, మిసెస్ కెమిస్ట్. ఎయిర్! ఓన్లీ ఎయిర్! వండేశావు కదా వీటిని" అన్నాడు. ఎన్ని ట్రేలని అడిగాడు. పన్నెండు అన్నాను. మొత్తం నలభై. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు తల తీసేసినట్టయింది. తిట్టినా బాగుండేది.

మిగిలిన ఇరవై ఎనిమిది ట్రేలూ దక్కితే చాలని మొక్కుకోని దేవుడు లేడు. వైన్ కోసం మొక్కుకుంటే వెంకటేశ్వరస్వామి ఏమనుకుంటాడో అని కూడా చూడలేదు. రోజూ తెల్లవారకుండా లేచి, బయట మంచుందో లేదో చూసి, కిటికీలు తెరిచి, ఒక్కో గుత్తీ తిప్పి చూసి, బూజు పండు కనిపిస్తే కత్తెరతో తీసేసేదాన్ని. ఆయన వాకర్‌తో ఇంటికొచ్చేసరికి నవంబర్ సగం అయింది. అటకెక్కలేడు. ఓ గుత్తి కిందికి తెమ్మన్నాడు. వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు, వాసన చూశాడు, ఒక పండు చిదిమాడు. "బతికాయి" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత కాఫీ పెట్టి, ఈ వైనే ఒక పొరపాటులోంచి పుట్టిందని వాళ్ళ ఊళ్ళో చెప్పుకునే కథ చెప్పాడు. ఒకప్పుడు ఇలా చేసిన వైన్ తియ్యగా ఉండేదట. ఎవరో ఒక పీపాని మర్చిపోతే లోపలి తీపంతా పులిసిపోయి చేదు తేలిందట. పారబోయబోయి రుచి చూస్తే అమృతమట. అందుకే దాని పేరు అమరోనె, వాళ్ళ భాషలో చేదుది అని అర్థం. మా ఆయన మాత్రం "అమరుడే" అని పిలిచేవారు.

జనవరిలో మేం ముగ్గురం కలిసే చేతిమరలో నలిపాం. నా పన్నెండు ట్రేలలో చెడిపోగా మిగిలినవి విడిగా గాజు కుండలో పులియబెట్టాడు. అసలు వైన్ తీసేశాక తడితడిగా మిగిలిన పిప్పి మీద ఆయన వేరే తెచ్చిన లేత వైన్ పోసి నానబెడుతూంటే, "అయ్యో, ఇది మాగాయే! ముక్క ఎండాక మళ్ళీ ఊటలో వేసినట్టు!" అని అరిచాను. మా ఇంటి మాగాయ తెచ్చి రుచి చూపిస్తే కళ్ళ నీళ్ళతో నవ్వాడు. ఏడాది తర్వాత నా కుండలోది సీసాకెత్తి నాకే ఇచ్చాడు. "నీ ఎండ నీ దగ్గరే ఉండనీ. పెళ్ళికి రెండూ తెరుద్దాం" అన్నాడు.

పోయిన శనివారమే పెళ్ళయింది. వెనిగర్ అయ్యుంటుందని దారంతా గొణుగుతూ ఆ సీసాని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. తొంభై దాటిన పెద్దాయన కుర్చీలో కూర్చునే రెండూ తెరిపించాడు. నాది ఖర్జూరం పాకంలా ఉందని కుర్రాళ్ళు క్షణంలో ఖాళీ చేశారు. అటక మీది దాన్ని మాత్రం పెళ్ళికూతురు ఒక గుక్క తాగి, వెళ్ళి తాతని కావలించుకుంది. జీవితంలో మొదటిసారి నేనూ ఓ చెంచాడు నాలిక మీద వేసుకున్నాను. ముందు చేదు. ఆ తర్వాత నెమ్మదిగా గొంతులో ఏదో తీపి తేలింది. పెద్దాయన నా ముడతల చెయ్యి తన ముడతల చేతిలోకి తీసుకుని, "ఎయిర్, మిసెస్ కెమిస్ట్" అన్నాడు. ఈ దేశంలో గడిచిన ఇన్నేళ్ళూ నన్ను ఎండబెట్టాయనే అనుకునేదాన్ని. కాదు, ఆరబెట్టాయి.