గవర్నర్ సార్ జీవితం నేను చెప్పిన తీరు

నవ్వనంటేనే చెప్త. మొన్న మా కొత్తూరు బడి వార్షికోత్సవంల నా ఇజ్జత్ మొత్తం పోయింది!

ముఖ్య అతిథి ఒక మాజీ గవర్నర్. తెలుగు సార్‌నని స్టేజి మీద ఆయన జీవితం చెప్పే పని నాకే పడ్డది. వకీలు, ఎమ్మెల్యే, మంత్రి, గవర్నర్... స్నానం చేసుకుంట గూడ బట్టీ పట్టిన. ఎందుకంటే మా మామ వస్తుండు. పెండ్లయినకాడి నుంచి నన్ను మనిషి లెక్క చూడలేదాయన. మైకు పట్టుకున్నంకనన్న చూస్తడని నా ఆశ.

సార్‌ను ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చుడు గూడ నా డ్యూటీనే. మా దిక్కు ఎయిర్‌పోర్టు కట్టినంక దాని అంత దగ్గరికి నేను పోవుడు అదే మొదలు. చేతుల గులాబీ దండ, జేబుల ఆయన గవర్నర్‌గ ఉన్నప్పటి ఫోటో. నల్ల జుట్టు, కోటు.

చెప్పులేసుకున్న ఒక ముసలాయన పెట్టె గుంజుకుంట వచ్చి, దండ చూసి తల వంచిండు!

"తాతా, జర పక్కకు జరుగు. గవర్నర్ సార్ వస్తుండు" అన్న.

ఎన్కనే నల్ల జుట్టు, కోటు! దండ ఏసేసిన.

"అయ్యో, ఇంత మర్యాద ఎందుకండీ!" అనుకుంట కారెక్కిండు.

దారిల అడిగిన, "సార్, మొదట్ల మీరు వకీలే గదా?"

"లేదండీ, సిమెంటు వ్యాపారం."

ఇదేంది, నా బట్టీల సిమెంటు లేదే! పెద్దోళ్లు గిట్లనే తగ్గి మాట్లాడుతరు కావచ్చు అనుకున్న.

"మావాడు ఒక్కడే అండీ, ఇంజనీరు. ఇంతకీ అమ్మాయి ఏం చదువుకుంది?"

బడిపిల్లల ముచ్చటనుకొని, "మా అమ్మాయిలందరు మస్తు చదువుతరు సార్" అన్న.

"అందరూనా? ఒక్కతే అన్నారు కదండీ!"

నా దిమాక్ తిరిగింది. అప్పుడే హెడ్‌మాస్టర్ ఫోను. "గవర్నర్ సార్ ఆటోల వచ్చిండు! నువ్వేడున్నవయ్యా?"

నేను ఆయన దిక్కు చూసిన, ఆయన నా దిక్కు చూసిండు. "అయితే మీరు పెళ్లికూతురి తరఫు కాదా?"

పెండ్లిచూపులకు వచ్చిన మనిషిని ఎత్కపోతున్న! వాపస్ తీస్కపోయి, పరేషాన్‌గ తిరుగుతున్న ఆడపిల్లోళ్లకు అప్పజెప్పి, దండం పెట్టి ఉరికిన.

బడికి పోతే స్టేజి మీద ఆ చెప్పుల తాత! నన్ను చూసి మెల్లగ నవ్విండు. అంతల్నే మైకు చేతుల పెట్టిండ్రు. బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. నోట్లెకెల్లి ఏమొచ్చిందో తెలుసా?

"మన అతిథి గారిది సిమెంటు వ్యాపారం. ఒక్కడే కొడుకు, ఇంజనీరు. మంచి సంబంధం చూస్తుండ్రు!"

హెడ్‌మాస్టర్ తల పట్టుకున్నడు. గవర్నర్ సార్ నవ్వి నవ్వి కండ్లు తుడుసుకున్నడు.

స్టేజి దిగి ఎన్కకెల్లి జారుకుంటుంటే మామ ఉరికొచ్చి నా రెండు చేతులు పట్టుకున్నడు.

"అల్లుడా, ఆ గవర్నర్ కొడుకును మన చిన్నబిడ్డకు జర మాట్లాడు!"

"చూస్త మామా" అన్న. ఏం జెయ్యాలె మరి, ఆయన దగ్గర నాకు దొరికిన మొదటి మర్యాద అది!