అత్త ఫోన్ సర్దాను

నాకో పాడు అలవాటు ఉంది. ఎవరి ఫోన్ చేతికొచ్చినా సర్దందే ఊరుకోను. అక్కరలేని ఫొటోలు తీసేస్తాను, అక్షరాలు పెద్దవి చేస్తాను, పైగా ఎలా వాడుకోవాలో ఒక పాఠం కూడా చెప్తాను. నేను వస్తున్నానంటే మా ఇంట్లోవాళ్ళు ఫోన్లు దాచేస్తారు. దాచుకోనిది మా అత్త ఒక్కతే.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. పొద్దున్నే రేవులో చేపలు కొని, రోడ్డు పక్కన కత్తిపీట వేసుకుని కూర్చుని, అడిగినవాళ్ళకి కోసి అమ్ముతుంది. మావ మాత్రం ఏడాదిలో ఎక్కువ భాగం గుజరాత్‌లో, వేరావల్ రేవు నుంచి పోయే బోటు మీద ఉంటాడు. ఆ బోటు ఒకసారి కదిలిందంటే ఇరవై రోజుల పైమాటే. చేప దించుకోవడానికీ, ఐసూ డీజిలూ ఎక్కించుకోవడానికీ ఒడ్డుకొస్తుంది, ఒకటి రెండు రోజులుంటుంది, మళ్ళీ పోతుంది. మొగుడూ పెళ్ళాల మాటలన్నీ ఆ ఒకటి రెండు రోజుల్లోనే అయిపోవాలి.

నేను విజయనగరంలో స్థలాలు అమ్మే ఆఫీసులో పని చేస్తాను. కొత్త విమానాశ్రయం పుణ్యమా అని మాకు రోజూ వందమంది రాస్తారు. ఒకాయన ఒక యాప్‌లో, ఇంకొకాయన మరో యాప్‌లో, వాళ్ళావిడ మూడోదాంట్లో. వీటన్నిట్లోకీ తల దూర్చలేక, అన్ని యాప్‌ల మెసేజీలనీ ఒకేచోట చూపించే యాప్ ఒకటి పెట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. పైనించి కిందికి ఒకటే జాబితా. చూసుకుంటూ పోవడం, జవాబిచ్చుకుంటూ పోవడం. ఇంత సుఖం నాకొక్కడికే ఎందుకు, అందరికీ పంచాలనిపించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త వాళ్ళింటికి వెళ్ళాను. కవళ్ళ చేపల పులుసుతో కడుపునిండా తిని, అలవాటు ప్రకారం ఆవిడ ఫోన్ అందుకున్నాను. చూస్తే మూడు యాప్‌లు. ఆకుపచ్చదాంట్లో ఊళ్ళో ఆడవాళ్ళ గ్రూపూ, చేపలు తీసుకునే హోటళ్ళవాళ్ళూ. నీలందాంట్లో ఇచ్ఛాపురం నుంచి ఎండుచేపల షావుకారు. ఊదారంగుదాంట్లో ఒక్కడే మనిషి, మావ. పాత ఫోన్ సముద్రంలో పడిపోతే కొత్తదాంట్లో బోటు మీది వాళ్ళెవరో ఆయనకి ఆ యాప్ పెట్టిచ్చారట. అప్పట్నించీ ఆయన మాటలన్నీ దాంట్లోనే.

"ఒక్క మనిషి కోసం ఒక యాప్ ఎందుకత్తా? అన్నీ కలిపేస్తాను," అన్నాను.

"నాకిలా బాగానే ఉన్నాదిరా," అంది అత్త.

"నీకు తెలీదు. ఇది ఇంకా బాగుంటుంది."

అరగంటలో అన్నీ కలిపేశాను. ఫోన్ బరువెక్కిపోయిందని చెప్పి ఊదారంగుదీ నీలందీ తీసి పారేశాను, ఆకుపచ్చదాని మోత ఆపేశాను. అత్త నా భుజం మీంచి చూస్తూ ఒకటే మాట అడిగింది.

"మీ మావ ఏడిరా మరి?"

జాబితాలో మావ ఫొటో చూపించాను. అత్తకి చదువు రాదు కాబట్టి ఫొటో గుర్తు పెట్టుకోమన్నాను. సరేనంది. కానీ మొహంలో నేననుకున్నంత సంతోషం కనిపించలేదు. అలవాటైతే అదే తెలుస్తుందిలే అనుకున్నాను.

ఆ రోజుల్లో అత్తకి మనసేం బాగాలేదు. బోటు కిందటిసారి ఒడ్డుకొచ్చినప్పుడు మావ ఒక కబురు పంపాడు. వల లాగుతుంటే తాడు తగిలి కుడి మణికట్టు వాచిందనీ, ఏం కాదనీ. ఏం కాదన్నాడంటేనే ఏదో అయిందని అత్త బెంగ. బోటు మళ్ళీ ఎప్పుడు ఒడ్డుకొస్తుందా, ఆ చెయ్యి ఎలా ఉందో ఎప్పుడు తెలుస్తుందా అని రోజులు లెక్కపెడుతోంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఆ ఫోన్ మీద చెయ్యి వేశాను.

తర్వాతి శుక్రవారం ఆఫీసులో ఉండగా అత్త ఫోన్ చేసింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి, గొంతు బాగా తగ్గిపోయింది.

"ఒరే, బోటు వచ్చి ఎల్లిపోనాదట. పక్కింటావిడ సెప్పినాది, ఆల్లాయన ఫోన్ సేసినాడట. మీ మావ కబురేదీ నాకు రానేదు. ఓపాలి వచ్చి సూడు."

సెలవు చీటీ రాసిచ్చి బండి తీశాను. అత్త వీధరుగు మీదే కూర్చుని ఉంది. ఫోన్ తీసుకుని జాబితా కిందికి జరుపుతూ పోయాను. ఆడవాళ్ళ గ్రూపులో గుడ్ మార్నింగులు, హోటలువాళ్ళ బేరాలు, షావుకారు పంపిన చేపల ఫొటోలు. వాటన్నిటి అడుగున మావ ఫొటో ఉంది. బుధవారం పొద్దున మాట్లాడి పంపిన కబురు, ఎవరూ వినకుండా అలాగే ఉంది. నొక్కాను.

"ఇదిగో, ఇనపడతన్నాదా? సెయ్యి తగ్గనేదు. రేత్రి నిద్దర పట్టడం నేదు. ఇక్కడ టీ కొట్టోడి నెట్టు మీద మాటాడతన్నాను, నా ఫోన్లో బేలెన్సు అయిపోనాది, ఈ నెట్టు మీద ఫోను కలవడం నేదు. బోటు సాయంత్రం ఎల్తాది. ఎక్కమంతావా, ఇంటికొచ్చీమంతావా? నువ్వెలగంటే అలగే. సాయంత్రం దాకా ఈ కొట్టు కాడే ఉంతాను."

అత్త ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. విరిగిందో నలిగిందో తెలియని చేత్తో, పెళ్ళాం ఏమంటుందోనని ఆ మనిషి సాయంత్రం దాకా కొట్టు దగ్గర కూర్చున్నాడు. జవాబు రాలేదు. బోటెక్కేశాడు.

"నువ్వు వినలేదా అత్తా? మోగి ఉంటుంది కదా," అన్నాను. తప్పు ఇంకా ఆవిడ మీదికి నెట్టాలనే చూస్తున్నాను, సిగ్గులేని వాణ్ణి.

"మోగినాదిరా. మోగతానే ఉన్నాది," అంది. "బుధవారం కానాగంత సేపలు బాగా పడ్డాయి. జనం ఇరగబడ్డారు. సేతులు మోసేతుల దాకా నీసు. ఆ సేతుల్తో ఫోన్ ఎలగ ముడతాను? అందుకే సెవుల్తోనే సూసుకుంతాను. ఆడోల్ల గ్రూపుది ఒకలాగ మోగుద్ది, అది ఇంటికెల్లినాక సూసుకోవచ్చు. సావుకారిది ఒకలాగ. మీ మావది మోగినాదంటే కత్తిపీట ఒగ్గీసి, సేతులు కడుక్కుని లేస్తాను. ఇప్పుడు అన్నీ ఒక్కలాగే మోగతన్నాయి. ఎవులిదని లెగను?"

నాకు రాసేవాళ్ళంతా స్థలం కొనే జనం. ఎవరు ముందైనా ఎవరు వెనకైనా నాకు ఒకటే. అందుకే ఆ జాబితా నాకు సరిపోయింది. ఆ యాప్‌ని తిట్టుకోవాల్సిన పని లేదు, ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను. అత్త ఫోన్‌లో మూడు గుర్తులు చూసి చిందరవందరగా ఉందనుకున్నాను గానీ, ఎందుకలా పెట్టుకున్నావని ఒక్క ముక్క అడగలేదు. అదే నేను చేసిన తప్పు.

ఆ కొత్త యాప్ తీసేసి, పాత రెండిటినీ అప్పటికప్పుడే మళ్ళీ పెట్టి, ఆకుపచ్చదాని మోత కూడా తిరిగి తెరిచాను. అత్త అటు తిరిగి కూర్చుంది. నేను ఒక్కొక్కటే మోగించాను. మూడూ గుర్తుపట్టింది. వెంటనే మావకి కబురు కూడా పెట్టింది, ఒడ్డుకి రాగానే బోటు దిగి వచ్చేయమని. అది ఆయన ఫోన్‌కి అందలేదు. నడిసముద్రంలో ఎలా అందుతుంది?

ఆ తర్వాత ఇరవై రెండు రోజులు. ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. అత్త నన్ను తిట్టలేదు. అదే నాకు నరకంలా ఉండేది. నాలుగు మాటలు అనేసినా బాగుండును. అన్నం పెట్టేది, వేసుకోమనేది. తను సగం తిని లేచిపోయేది.

బోటు వచ్చే రోజులు దగ్గర పడ్డాయని తెలిసి, ఆఫీసుకి సెలవు పెట్టి అత్త పక్కన రోడ్డు మీద కూర్చున్నాను. చేపలు తూచివ్వడం నాకు చేతకాదు, సంచులు పట్టుకున్నాను. రెండో రోజు పది గంటలప్పుడు ఫోన్ మోగింది. అత్త వంజరం కోస్తోంది. ముక్క సగంలో ఆపేసి లేచింది. బిందెలో చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, ఫోన్ చెవికి ఆనించుకుంది. మావ గొంతు నాకూ వినిపిస్తోంది.

"వచ్చినామే. నీ కబురు ఇప్పుడే ఇన్నాను. సెయ్యి వంకరగా ఉండిపోనాది. నన్ను వంటకి ఎట్టీసినారు, వల ముట్టనివ్వనేదు. ఆ రోజు నువ్వేటీ అననేదు కదా, కోపమొచ్చిందేటో అనుకున్నాను. మరేటి సేస్తాను, ఎక్కీసినాను."

"అత్తా, నేను చెప్తాను. తప్పు నాదని చెప్తాను," అని చెయ్యి చాపాను. అత్త నా చేతిని పక్కకి నెట్టేసి తనే మాట్లాడింది.

"నాకు కోపమేటి? బేరంలో పడిపోయి సూసుకోనేదు. తప్పు నాదే. ఇంక బోటెక్కొద్దు. ఇయాలే రైలెక్కి వచ్చీ."

ఫోన్ పెట్టేశాక, ఎందుకలా చెప్పావని అడిగాను. అప్పటికే కత్తిపీట దగ్గర కూర్చుంది.

"మీ మావ కోపం నీకు తెల్దేటి? నిజం తెలిస్తే, ఆ సెయ్యి సూసుకున్నప్పుడల్లా ఆయనకి నువ్వే గుర్తొస్తావు. మా ఇంటికి రావడం మానేస్తావేటి?" అని మిగతా ముక్క కోసింది.

నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీద అందరి ముందూ ఏడ్చాను.

మావ వచ్చాడు. విజయనగరంలో ఎముకల డాక్టరుకి చూపించాం. ఎముక విరిగి, వంకరగానే అతుక్కుందట. ఇంకో మూడు వారాల ముందు తీసుకొచ్చి ఉంటే తేలిగ్గా సరయ్యేదన్నాడాయన. ఇప్పుడు ఆ మణికట్టు పూర్తిగా తిరగదు. మావ బోటు మానేసి, అత్తతో పాటు చేపల బేరంలో కూర్చుంటున్నాడు.

ఇప్పటికీ ఆదివారాలు వాళ్ళింట్లోనే నా భోజనం. ఆ చేత్తో మెల్లగా ముద్ద కలుపుకుంటూ మావ అత్తని ఏడిపిస్తాడు, "బేరంలో పడితే మీ అత్తకి మొగుడు కూడా గుర్తుండడురా," అని. అత్త నవ్వి, నాకు ఇంకొంచెం పులుసు వేస్తుంది. నేను తల ఎత్తకుండా తింటాను.